పై గదిలో సూరత్ వాళ్లు

ఆ ఏడు వినాయక నిమజ్జనం అయిన నాలుగైదు రోజులకే మా గల్లీలో ప్లేగు మాట మొదలైంది. తొంభై నాలుగో సంవత్సరం. నేను నారాయణగూడలో బీయస్సీ రెండో ఏడు చదువుతున్నాను. మా ఇల్లు అశోక్ నగర్‌లో, చిక్కడపల్లి వైపు దిగే ఒక సన్నటి గల్లీలో ఉండేది. ముందు వాటాలో అమ్మ, నాన్న, బాపమ్మ, నేను. వెనక వాటాలో కిరాయికి ఒక టైలర్ అక్క. భర్త పోయాక ఒంటరిగా ఉంటూ చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది.

ఎదురింటి సారు ఏదో సర్కారు ఆఫీసులో సూపరింటెండెంట్. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి పేపరు పైకి చదవడం ఆయన అలవాటు. వినేవాళ్లున్నా లేకపోయినా చదివేవాడు. సూరత్‌లో ప్లేగు వచ్చిందనీ, జనం దొరికిన రైలెక్కి పారిపోతున్నారనీ నేను మొదట విన్నది ఆయన గొంతులోనే.

ప్లేగంటే నాకు చరిత్ర పుస్తకంలో చదివిన మాట. మశూచిలాగా అది కూడా ఎప్పుడో ముగిసిపోయిందనుకున్నాను. ముగిసిపోయింది మళ్లీ ఎట్లా మొదలవుతుంది? ఇన్నేళ్లు ఎక్కడుంది? అమ్మను అడిగితే ముందు నీళ్లు కాచి వడపోయమంది. నాన్న మాత్రం ఒక చీటీ మీద టెట్రాసైక్లిన్ గోలీలు అని రాసిచ్చి, కాలేజీ నుంచి వచ్చేటప్పుడు తెమ్మన్నాడు.

నారాయణగూడ చౌరస్తాలో రెండు మందుల షాపుల్లో లేవన్నారు. హైదర్‌గూడ దాకా నడిచాను. అక్కడి షాపాయన నా చీటీ చూడకుండానే తల అడ్డంగా ఊపాడు.

"అవి నిన్ననే అయిపోయినయమ్మా. దగ్గు మందున్నది, తీస్కపోతవా?"

"దగ్గు మందు ప్లేగుకు పనిచేస్తదా?"

"పనిచెయ్యది. కని ఇంట్ల ఏదో ఒక మందున్నదంటే జర ధైర్యముంటది కద."

ఆ మాట నాకు నచ్చి దగ్గు మందు సీసా కొనుక్కొచ్చాను. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అలమారలో పెట్టాడు.

మరునాడు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లాను. పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదివే వాళ్లతో ఆ హాలు ఎప్పుడూ నిండి ఉండేది. ఆ రోజు సగం మంది మూతికి చేతిరుమాళ్లు కట్టుకుని చదువుతున్నారు. ప్లేగు గురించి ఉన్న పుస్తకం కావాలంటే, అది అప్పటికే ఒక బల్ల మీద ఉంది. దాని చుట్టూ నలుగురు కూర్చుని నోట్సు రాసుకుంటున్నారు.

"ఈసారి పరీక్షల ఇది తప్పక అడుగుతరు చెల్లె," అన్నాడు అందులో ఒకతను, రుమాలు కొంచెం దించి. "ఏ క్రిమి, ఎట్ల వస్తది, ఎన్ని రోజులకు బయటపడ్తది. మూడు ప్రశ్నలు గ్యారంటీ."

వాళ్ల పక్కనే కూర్చుని నేనూ రాసుకున్నాను. ఎలుకల మీద బతికే గోమార్లనే చిన్న పురుగులు కుడితే ఒక రకం, ఊపిరితిత్తులకు పాకితే దగ్గు తుంపర్లతో మనిషి నుంచి మనిషికి అంటుకునే రకం ఇంకొకటి. అంటుకున్నాక వారం లోపలే బయటపడుతుంది. ఇంటికొచ్చి అదంతా బాపమ్మకు చదివి వినిపించాను. ఎనభై దగ్గరపడిన మనిషి. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది.

"గిది పుస్తకంల చూసి తెలుసుకున్నవా? నన్నడిగితే చెప్పకపోదునా," అంది.

ఆమెకు ఆరేడేళ్లప్పుడు పట్నంలో ప్లేగు వచ్చిందట. అప్పుడు వాళ్లు శాలిబండలో ఉండేవారు. దూలం మీది నుంచి ఎలుక చచ్చి పడగానే వాళ్ల నాయన ఇల్లు వదిలేసి, అందరినీ బండిలో ఎక్కించుకుని పట్నం బయటికి తీసుకొచ్చాడట. చేలల్లో తడకల గుడిసెలు. పక్కన అట్లాంటివే ఇంకా ఎన్నో. రెండు నెలలున్నారు.

"ఎక్కడ బాపమ్మా?"

"గీ చుట్టుపక్కలనే. జర అటో ఇటో. అప్పుడు అశోక్ నగర్ యాడిది? అన్నీ తోటలే."

"మరి తిండెట్లా?"

"మొదట్ల ఎవ్వరు దగ్గరికి రాలె. మా అమ్మ పసిపిల్లతోని ఉండె. ఒక తోటమాలి పెండ్లాం రోజూ కుండల జొన్న గటక తెచ్చి, గట్టు మీద పెట్టి, ఎనకకు జరిగి నిలబడేది. మేం తీసుకున్నంక పోయేది. ఆమె మొఖం ఎట్లుంటదో నాకు తెల్వనే తెల్వదు. పచ్చ చీర ఒక్కటే యాదికున్నది."

నేను ఇంకా ఏవేవో అడిగాను. ఎంతమంది పోయారు, ఎలుకలను ఏం చేశారు, ఇంటికి ఎప్పుడు తిరిగి వెళ్లారు. కొన్నింటికి జవాబులు తెలియవంది. కొన్నింటికి తెలిసినా చెప్పలేదని ఇప్పుడనిపిస్తుంది.

ఈలోగా టైలర్ అక్కకు కొత్త పని దొరికింది. మొదట ఎదురింటి సారు భార్యే అడిగింది, జాకెట్ లైనింగు బట్టతో మూతికి కట్టుకునే గుడ్డలు కుట్టమని. రెండు పొరలు, నాలుగు నాడాలు. అది చూసి గల్లీ అంతా అడిగారు. రెండు రోజులు అక్క మిషను ఆగలేదు. పాలాయన గులాబీ రంగు గుడ్డ కట్టుకుని వచ్చేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక ఆటో మా గేటు ముందు ఆగింది. అందులోంచి పాతికేళ్ల మనిషి, అతని భార్య ఒక ట్రంకు పెట్టెతో దిగారు. టైలర్ అక్క బయటికి వచ్చి చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది. అతను ఆమె తమ్ముడు. నాలుగేళ్లుగా సూరత్‌లో పవర్‌లూమ్ మగ్గం మీద పని చేస్తున్నాడు.

"మనూరికే పోదామనుకున్నమక్కా," అన్నాడు అతను, గేటు బయటే ఆగి. "బస్టాండ్ల మనూరాయన కలిసిండు. సూరత్ నుంచి వచ్చినోళ్లను ఊరి బయటనే ఆపుతున్నరట. రైలు దిగంగనే తెల్లకోట్లోళ్లు నోరు తెరిపిచ్చి చూసిండ్రు, గోలీలిచ్చిండ్రు. మాకేం లేదు."

గల్లీలో ఒక్కో తలుపూ తెరుచుకుంది. పది నిమిషాల్లో ఆరేడుగురు చేరారు, అందరూ అక్క కుట్టిన గుడ్డలు కట్టుకునే. ఎదురింటి సారు ముందుకొచ్చి బాపమ్మతో మాట్లాడాడు. ఆమె మాటంటే మా ఇంట్లోనే కాదు, గల్లీలోనూ గౌరవం ఉండేది.

"అమ్మా, ఇల్లు మీది. ఎవరినైనా ఉంచుకుంటరు. కని గాలి అందరిదీ. పిల్లలున్నరు. వీళ్లను వేరే ఏదన్నా చూసుకోమనండి."

"వేరే అంటే ఏడికి సారూ?" అంది బాపమ్మ.

టైలర్ అక్క ఎవరి వైపూ చూడకుండా చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. బాపమ్మ నా వైపు తిరిగింది.

"నీ పుస్తకంల ఎన్ని రోజులన్నవే?"

"వారం లోపల, బాపమ్మా."

"అయితే పది రోజులు పెడదాం. పైన రేకుల గదుంది. మెట్లు బయటి నుంచే. బక్కెట్లు వేరే, గిన్నెలు వేరే. తిండి పై మెట్టు మీద పెట్టి దిగి వస్తం. పది రోజులు వాళ్లు దిగరు, మనం ఎక్కం. సరేనా సారూ?"

ఆయన సరే అనలేదు. వద్దని కూడా అనలేదు. ఇంట్లోకి పోయి వీధి వైపు కిటికీలు మూసుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి అక్క దగ్గరికి గుడ్డల కోసం ఎవరూ రాలేదు. ఇచ్చిన జాకెట్ బట్టలు కూడా ఇద్దరు వెనక్కి తీసుకెళ్లారు.

అన్నం గిన్నె పైకి తీసుకెళ్లే పని నేను అడిగి తీసుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. బాపమ్మ ఒప్పించింది. గిన్నె పై మెట్టు మీద పెట్టి, ఆరు మెట్లు దిగి మలుపు దగ్గర ఆగేదాన్ని. వాళ్లు తీసుకుని గది గడప దగ్గర కూర్చునేవారు. దిగి రావాలని నాకు తెలుసు. కానీ మొదటి నాలుగు రోజులూ అక్కడే నిలబడి ప్రశ్నలు వేశాను.

సూరత్‌లో వరద వచ్చి పోయిందట. మోకాలు లోతు బురద. ఆ తర్వాత పక్క గల్లీలో మనుషులు జ్వరంతో పడిపోతున్నారని విన్నారట. ఒకే గదిలో వాళ్లు తొమ్మిది మంది, పగటి షిఫ్టు వాళ్లు లేస్తే రాత్రి షిఫ్టు వాళ్లు అదే చాప మీద పడుకునేవారట.

"అన్నిటికన్న భయమైంది ఏంది తెలుసా?" అన్నాడు ఒకరోజు. "మగ్గాలు బందైనయి. నాలుగేండ్లు ఆ సప్పుడులనే నిద్రపోయిన. ఆ రోజు సప్పుడు లేక మెలకువొచ్చింది."

అతని భార్య నాకంటే ఏడాదో రెండేళ్లో పెద్దదేమో. రైల్లో ఎవరైనా దగ్గితే డబ్బాలోని జనమంతా అటు తిరిగి చూసేవారట. ఈమెకు రైలు పొగకు గొంతు గరగర. నాందేడ్ దాటేదాకా లవంగాలు నములుతూ దగ్గు ఆపుకుంది.

"నువ్వు గింత దగ్గరికొచ్చి నిలబడ్తవు. నీకు భయం కాదా?" అని అడిగింది.

"అయితది," అన్నాను. "కని తెలుసుకోవాలనిపిస్తది."

ఆమె నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో ఆమె నవ్వగా చూసింది అప్పుడే.

అయిదో రోజు మధ్యాహ్నం ఆమె మెట్ల మీద నుంచి అక్కను పిలిచింది. అతనికి జ్వరం. నేను మలుపు దాకా ఎక్కి చూశాను. రెండు దుప్పట్లు కప్పుకుని, పళ్లు కొట్టుకుంటుంటే మంచం కదిలేంతగా వణుకుతున్నాడు. నాన్న ఆఫీసులో ఉన్నాడు. అమ్మ దేవుడి గదిలోకి పోయింది. బాపమ్మ నన్ను ఆటో తెమ్మంది.

చిక్కడపల్లి చౌరస్తాకు పరుగెత్తాను. ఎక్కడికని అడిగితే సర్కారు దవాఖానకు అన్నాను. ఏమైందంటే జ్వరమన్నాను. ఎక్కడి మనిషని అడిగితే, అబద్ధం ఆడటం చేతగాక, సూరత్ అని చెప్పేశాను. మొదటి ఆటో అతను కిక్కు కొట్టి వెళ్లిపోయాడు. రెండో అతను "మాఫ్ చెయ్యమ్మా, ఇంట్ల చిన్నపిల్లలున్నరు" అన్నాడు. అంతలో ఈ మాట మిగతావాళ్లకూ పాకినట్టుంది, స్టాండులో ఒక్క ఆటో మిగల్లేదు. ఏడుపు ఆపుకుంటూ వెనక్కి నడిచాను.

గల్లీ మలుపు తిరిగేసరికి మా గేటు ముందు ఎదురింటి సారు స్కూటర్ స్టార్టయి ఉంది. ఆయన మూతికి రెండు గుడ్డలు ఒకదాని మీద ఒకటి కట్టుకున్నాడు. జ్వరపు మనిషి వెనక కూర్చున్నాడు. జారిపోకుండా అతన్ని పట్టుకుని అతని భార్య ఆ వెనక. సారు నా వైపు చూసి, "జరుగమ్మా" అన్నాడు. అంతే. స్కూటర్ మెల్లగా ఊగుతూ రాంనగర్ వైపు పోయింది. గల్లీలో అందరూ కిటికీల వెనక నుంచి చూశారు.

ఆయన పొద్దుగూకే వేళకు ఒక్కడే తిరిగొచ్చాడు. అతన్ని దవాఖానలో పెట్టుకున్నారట, రక్తం తీశారట. సారు పెరట్లో వేపాకు నీళ్లు పోసుకుని, వేసుకున్న బట్టలు కాల్చేసి, ముందు గదిలో తలుపేసుకున్నాడు. భార్య కిటికీలోంచి కంచం అందించింది. మరునాడు పొద్దున గేటు దగ్గర పేపరు చదివే గొంతు వినబడలేదు. గల్లీ బోసిపోయినట్టయింది.

రెండో రోజు మధ్యాహ్నం టైలర్ అక్క దవాఖాన నుంచి ఒక చీటీ పట్టుకుని వచ్చింది. దాన్ని నేరుగా ఎదురింటి కిటికీలోంచి సారుకిచ్చింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి లోపల చదువుకున్నాడు. తర్వాత తలుపు తీసుకుని అరుగు మీదికి వచ్చి అందరికీ వినబడేలా చదివాడు.

"మలేరియా."

ఒక మనిషికి మలేరియా వచ్చిందని తెలిసి అంతమంది సంతోషపడటం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. పాలాయన దండం పెట్టాడు. అమ్మ సేమ్యా పాయసం చేసింది. టైలర్ అక్క మాత్రం మా వెనక వాటా గడప మీద కూర్చుని అప్పుడు ఏడ్చింది. బాపమ్మ పక్కన కూర్చుని, ఆపమని చెప్పకుండా వీపు నిమిరింది.

వారం తర్వాత నేను ఉండబట్టలేక సారును అడిగాను. వాళ్లను ఇక్కడ ఉంచొద్దన్నది మీరే కదా, మరి స్కూటర్ ఎందుకు తీశారు అని. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"కిటికీ సందుల నుంచి చూస్తున్న. ఆ సూరత్ పిల్ల మెట్ల మీద నిలబడి మా ఇంటి దిక్కే చూస్తున్నది. పిలుస్తదేమోనని ఎదురు చూసిన. పిలిస్తే ఏదో ఒకటి చెప్పేటోన్ని, పెట్రోల్ లేదనో, నడుం నొప్పనో. అన్నీ అనుకుని పెట్టుకున్న. ఆమె పిలువలే." పేపరు మరో చంకకు మార్చుకుని, "పిలువకుంటే ఏం చెప్తం?" అన్నాడు.

బతుకమ్మ నాటికి అతను కోలుకుని వచ్చాడు. ఆ ఏడు ఆడవాళ్లు గుంపుగా ఆడాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడి, చివరికి చిన్న వలయంగా ఆడారు. అతని భార్య మా గేటు దగ్గర నిలబడి చూస్తుంటే, సారు భార్య చప్పట్లు ఆపకుండానే పక్కకు జరిగి చోటిచ్చింది. ఆమె వచ్చి కలిసింది. ఇద్దరు ముగ్గురు మాత్రం ఆమెకు దూరంగా, వలయానికి అవతలి వైపుకు మారారు. అది ఆమె చూసింది, నేనూ చూశాను. ఆట ఆగలేదు.

దీపావళి తర్వాత మగ్గాలు నడుస్తున్నాయని కబురొస్తే వాళ్లు సూరత్ వెళ్లిపోయారు. అక్క మళ్లీ జాకెట్లు కుట్టుకోసాగింది. బట్టలు వెనక్కి తీసుకెళ్లిన ఇద్దరిలో ఒకామె తిరిగొచ్చింది, ఒకామె రాలేదు.

ఏడాది దాటాక అక్కకు సూరత్ నుంచి కార్డు వచ్చింది. నాతో చదివించుకుంది. వాళ్లకు ఆడపిల్ల పుట్టిందనీ, ఇప్పుడు అక్కడ కొత్త ఆఫీసరొచ్చి ఊరంతా కడిగిస్తున్నాడనీ, వాళ్ల గల్లీ రోజుకు రెండుసార్లు ఊడుస్తున్నారనీ రాయించింది తమ్ముడి భార్య. చివర్లో "మీ గల్లీ ఎట్లున్నది?" అని అడిగింది.

క్షేమసమాచారమే అడిగి ఉంటుంది. కానీ ఆ వాక్యం చదివి నేను, అక్క ఇద్దరం గేటు బయటికి చూశాం. మూల మీద ట్రాన్స్‌ఫార్మర్ కింద చెత్త నడుమెత్తు పేరుకుని ఉంది. వర్షానికి కిందికి జారి సగం దారి మూసింది. కార్డు తీసుకెళ్లి సారుకు చూపించాం. ఆయన రెండుసార్లు చదివి, ఇంట్లోంచి తెల్ల కాగితం, కార్బన్ పేపరు తెచ్చుకుని అరుగు మీద కూర్చుని అర్జీ రాశాడు. మొదటి సంతకం అక్కతో పెట్టించాడు. మూడు వారాలకు, ఒక గురువారం పొద్దున, మునిసిపాలిటీ లారీ వచ్చింది.