పాకం తాగిన గోడ

మేము కాపరాలకు వచ్చిన రోజుల్లో ఏ అత్తగారూ కోడలికి వంటిల్లు ఒక్కసారిగా అప్పగించేది కాదు. ముందు కసువు ఊడ్చే పని, తర్వాత కూరలు తరిగే పని, ఆపైన అన్నం వార్చే పని, ఇలా మెట్టు మెట్టుగా ఎక్కనిచ్చి, తాలింపు దాకా వచ్చేసరికి కోడలికి ఒక బిడ్డన్నా పుట్టేది. నాకు మాత్రం పెళ్ళయిన ఏడో నెలలోనే, పదహారేళ్ళ వయసులో, పది రోజుల పాటు వంటింటి మీద సర్వాధికారాలు దక్కాయి. ఆ పది రోజుల్లో రెండో రోజునే నేను దాన్ని తగలబెట్టాను. (పూర్తిగా కాదు. ఈ మాట ఆనాడు ఎవరికీ చెప్పుకోలేకపోయాను కాబట్టి ఇప్పుడైనా రాసి పెట్టుకుంటున్నాను.)

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు, పెట్రోలు దొరికేది కాదు. మా అత్తగారి ఊరు కారంపూడికి రెండు మైళ్ళు. డిసెంబరు నెల, క్రిస్మస్‌కు ఇంకా మూడు వారాలుంది. నరసరావుపేటలో పెద్ద ఆడబిడ్డకు రెండో కాన్పు దగ్గర పడిందని కబురొస్తే, అత్తమ్మ మా ఆయన్ని తోడు తీసుకుని బొగ్గుతో నడిచే బస్సు ఎక్కడానికి బయల్దేరింది. గడప దాటబోతూ వెనక్కి తిరిగి, "అమ్మాయ్, క్రిస్మస్‌కి పుట్టింటికి పోవాలని నెల్లాళ్ళ నుంచీ మొహం యేలాడేసుకోని తిరగతన్నావు గదా. నేనొచ్చేసరికి వంటిల్లు ఇప్పుడున్నట్టే ఉంటే మాచర్ల పంపిస్తా. తేడా వచ్చిందా, పండగ ఈడనే" అంది. మా అమ్మను చూసి ఏడు నెలలయింది. మాచర్ల పంపుతానంటే ఆ వంటింటిని పది రోజులూ నెత్తిన పెట్టుకుని తిరగమన్నా తిరిగేదాన్ని.

ఇంట్లో మిగిలింది ముగ్గురం. మామయ్య అరుగు మీద తిని, అటు నుంచి అటే పశువుల కొట్టానికి పోయే మనిషి. ఆయన వంటింట్లోకి తొంగి చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియదు. ఇక అవ్వ. అంటే మా ఆయనకు నాయనమ్మ, మా అత్తమ్మకు అత్తగారు. నోట్లో ఒక్క పన్ను లేదు, చూపు సరిగా ఆనదు, చెవులు మాత్రం పిల్లి నడిచినా పట్టేస్తాయి. తనకు తెలిసిన సంగతి తెలియనట్టు ఉండాల్సి వచ్చినప్పుడల్లా గట్టిగా ఒక కీర్తన అందుకోవడం ఆవిడకు అలవాటు. ఊళ్ళో అందరూ అది భక్తి అనుకునేవాళ్ళు.

అత్తమ్మ బస్సు కారంపూడి దాటిందో లేదో, అవ్వ నా దగ్గరికి జరిగింది.

"ఏమే పిల్లా, నోరు చప్పబడి చచ్చిపోతన్నా. పాకం గారెలు తిని ఎన్నాళ్ళయిందో."

"బెల్లం క్రిస్మస్ అరిసెలకని దాచిందవ్వా. తెలిస్తే అత్తమ్మ నన్ను ఉంచుద్దా?"

"తెలిస్తే గదా. నాకేమన్నా పళ్ళున్నాయా, ఇరుక్కోని పట్టుబడటానికి?"

మర్నాడు పొద్దున్నే మినప్పప్పు రుబ్బాను. చేసే తప్పేదో రుచిగా చేద్దామని పాకంలో ఏలకులు కూడా దంచి వేశాను. మొదటి వాయి తొమ్మిది గారెలు పాకంలో పడి, నాని, అవ్వ ముందుకు చేరాయి. తొమ్మిదీ అయ్యాక, "ఉప్పు సరిపోయిందో లేదో తెలవలా, ఇంకో వాయి తియ్యి" అంది. సరేనని పొయ్యిలోకి నాలుగు పత్తికట్టెలు ఎక్కువ ఎగదోసి, పిండి గిన్నె కోసం ఇటు తిరిగి, ఆవిడ చెబుతున్న కబుర్లలో పడ్డాను. (పత్తికట్టె ఎండుగడ్డిలా ఎంత వేగంగా అంటుకుంటుందో తెలిసినవాళ్ళు ఇక్కడే నవ్వుకుంటారు.) వెనక భగ్గుమంది. మూకుట్లో నూనె అంటుకుంది. నిప్పును ఆర్పాలంటే నీళ్ళు పోయాలన్నంత వరకే నాకు తెలుసు. చెంబెడు నీళ్ళెత్తి ఆ కాగే నూనెలో పోశాను. మంట ఒక్క ఊపున కప్పు దాకా లేచింది. ఉట్టి తాళ్ళు కాలి పెరుగుకుండ వచ్చి పొయ్యి మీద పగిలింది. మంటను సగం ఆర్పింది ఆ పెరుగే. దానితోపాటే పక్కనున్న ఎండుమిరపకాయల చేట కూడా నిప్పులో పడింది. ఆ ఘాటుకు అరుగు మీద మామయ్య వరసగా పదకొండు తుమ్ములు తుమ్మి, "ఏందమ్మాయ్, ఇయ్యాల తాలింపు కాస్త ఎక్కువైనట్టుందే" అని కండువా దులుపుకుని కొట్టానికి వెళ్ళిపోయాడు. మిగతా సగం మంట మీద నేనూ అవ్వా ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ కుమ్మరించాం.

పైన నాపరాళ్ళ కప్పు కాబట్టి ఇల్లు దక్కింది. పూరిల్లయితే ఈ సంగతి ఇలా నవ్వుతూ చెప్పేదాన్ని కాదు. పొగ తగ్గాక చూస్తే పొయ్యి వెనక గోడ జిడ్డు మసితో పైదాకా నల్లగా ఉంది. మిగతా గోడలు పొగచూరాయి. కింది భాగంలో మట్టిపూత నీళ్ళకు నాని ఉబ్బి, చెయ్యి పెడితే పెళ్ళలుగా ఊడి వస్తోంది. నేను ఆ బురదలోనే చతికిలబడి ఏడ్చాను. నా కళ్ళకు ఆ గోడ కనపడటం లేదు, మాచర్లలో గుమ్మంలో నిలబడి నా కోసం దారి చూసే మా అమ్మ కనపడుతోంది.

"ఏడిస్తే గోడ ఇంకా నానిద్ది, లెయ్" అంది అవ్వ. "మీ అత్త వచ్చేసరికి ఇంకా ఎనిమిది రోజులుంది. ఏటా పండగ ముందు సున్నం ఏస్తాం గదా, ఈ ఏడు నువ్వే ముందుగా ఏశానని చెప్పు. తప్పు కప్పుకున్నట్టూ ఉంటది, మెప్పు వచ్చినట్టూ ఉంటది."

ఇంత తెలివి అవ్వకు ఎక్కడిదా అని అప్పుడు నాకు అనుమానం రాలేదు. ఆ మాటతో కన్నీళ్ళు తుడుచుకుని, సున్నం తడిపి, ఆ మసి మీదనే రెండు పూతలు వేసేశాను. మధ్యాహ్నానికి గోడ తెల్లబడింది. అంత సులువా అనుకున్నాను. సాయంత్రానికి ఆ తెలుపులోంచి బీడీ రంగు మరకలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఇంకో పూత వేస్తే అందులోంచీ తేలాయి. "నూనె మసి సున్నానికి లొంగదే, గోకాల్సిందే" అని అవ్వ తీర్పు చెప్పింది. (ఈ ముక్క ముందే చెప్పొచ్చు గదా అంటే, "నువ్వడగలా" అంది.)

మర్నాటి నుంచి అట్లకాడా, విరిగిన కొడవలీ తీసుకుని గోకడం. నెత్తి మీద, కళ్ళలో, నోట్లో అంతా మసీ సున్నమూ. మామయ్య అన్నానికి వచ్చి నన్ను చూసి, ఏదో అడగబోయి, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడు కాబోలు, పచ్చడి వెయ్యమన్నాడు. గోక్కుంటూ గోక్కుంటూ పొయ్యి పక్క మూలకు వచ్చేసరికి ఒక వింత కనపడింది. పై మసి పోయింది, దాని కింది పాత సున్నమూ రాలింది, ఆ సున్నం కింద మళ్ళీ మసి ఉంది. జిడ్డుగా, నేను తగలబెట్టిన మసిలాగే ఉంది.

"అవ్వా, సున్నం కింద కూడా మసే ఉంది."

అవ్వ గోడ పట్టుకుని వచ్చి ఆ మూల చేత్తో తడిమింది. చాలాసేపు తడిమింది. "పాత ఇంటికి పాత మసి ఉండదా? ఈ జానెడు మాత్రం గోకింది గోకినట్టు ఒదిలెయ్. మట్టి పెట్టమాక, సున్నం ఏయమాక. బియ్యం కాగు అడ్డం పెట్టు" అంది.

"ఎందుకవ్వా?"

అవ్వ కీర్తన అందుకుంది.

తర్వాత ఎర్రమట్టి, పేడ, ఊక కలిపి తొక్కి గోడ కింది భాగమంతా కొత్తగా పూశాను. డిసెంబరు చలికి అది ఆరదే. మూడో రోజుకు గోడ మొదట్లో పచ్చగా బూజు లేచి, వంటిల్లు తడి గోనెసంచి వాసన కొట్టింది. బూజు తుడిచి, వేపాకు నీళ్ళు చల్లి, బొగ్గుల కుంపటి పెట్టి, గోడకు చంటిబిడ్డకు కాచినట్టు కాపడం కాశాను. ఎట్టకేలకు ఎనిమిదో రోజుకు ఆరింది. ఇక ఆఖరి సున్నం వెయ్యాలి. అప్పుడు అవ్వకు తన చిన్ననాటి సంగతి గుర్తొచ్చింది. ఊళ్ళో చర్చి కట్టేటప్పుడు ఆవిడ తట్టలతో సున్నం మోసిందట.

"మేస్త్రీలు సున్నంలో బెల్లం నీళ్ళు పోసేవోళ్ళే. అందుకే ఆ గోడ ఇప్పటికీ గోరు దిగదు."

మా దగ్గర బెల్లం నీళ్ళు సిద్ధంగానే ఉన్నాయి. గారెల పాకం. ఆరు రోజులుగా దాన్ని ఎక్కడ పారబోస్తే ఎవరు చూస్తారోనని గాదె కింద దాచాను. గోడకు బలమూ వస్తుంది, సాక్ష్యమూ పోతుందని గిన్నెడు పాకమూ సున్నంలో కలిపేశాను. (మేస్త్రీలు బెల్లం కలిపింది రాతి కట్టుబడి సున్నంలోనని, పై పూతలో కాదని, అందులో కరక్కాయ నీళ్ళు కూడా పడాలని చాలా ఏళ్ళకు తెలిసింది.) గోడ మాత్రం మెరిసిపోయింది. వంటిల్లంతా కమ్మటి వాసన. నేను మాచర్లకు కట్టుకుపోయే చీర కూడా ఆ రోజే ఉతికి ఆరేసుకున్నాను.

పదో రోజు మిట్టమధ్యాహ్నం మా ఆయన్ని వెంటబెట్టుకుని అత్తమ్మ దిగింది. మనవడు పుట్టాడట, మంచి సంతోషం మీద ఉంది. వంటింటి గుమ్మంలో ఆగి పైనా కిందా చూసింది.

"పండగ సున్నం నువ్వే ఏశావా?"

"మీకు శ్రమెందుకని, అత్తమ్మా."

"పర్లేదే" అంది. మా అత్తమ్మ నోట పర్లేదంటే ఇంకొకరు పాదాలకు దండం పెట్టినట్టు. నేను ఉబ్బిపోతుండగానే ఆవిడ చూపు గోడ మీద ఒకచోట నిలబడింది. గడప కింద నుంచి సన్నటి నల్లగీత ఒకటి బయల్దేరి గోడ ఎక్కి పొయ్యి పైకి పోతోంది. చూస్తుండగానే ఆ గీత కదిలింది. చీమలు. అత్తమ్మ దగ్గరికి వెళ్ళి, గోడ మీద వేలు రాసి, ఆ వేలు నాలిక మీద పెట్టుకుంది. కాసేపు చప్పరించింది.

"ఏలక్కాయ" అంది.

బెల్లం కుండ మూత తీసి చూసింది, నూనె జాడీ ఊపి చూసింది, లేని ఉట్టి కోసం పైకి చూసింది. "మాచర్ల సంగతి వచ్చే ఏడు చూద్దాంలే" అంది. దండెం మీద ఆరేసిన చీర కళ్ళ ముందే ఉంది. గుమ్మానికి ఆనుకుని నిలబడి గొంతు బయటికి రాకుండా ఏడుస్తున్నాను. ఇంకా ఏమేం దాచానో చూద్దామని అత్తమ్మ మూలనున్న బియ్యం కాగు పక్కకు జరిపింది.

జరిపి అలాగే నిలబడిపోయింది. వంగి ఆ జానెడు నల్లమచ్చను వేలితో తాకింది. అరుగు మీద అవ్వ కీర్తన ఎత్తుకుంది, ఎన్నడూ లేనంత గట్టిగా.

"ఏందత్తా, ఈ మూల ఇట్టా ఒదిలేశారు?" అంది అత్తమ్మ. గొంతు ఎందుకో చిన్నదైంది.

కీర్తన ఆగింది. "నాకు కళ్ళు కనపడవు గదమ్మాయ్. అయినా నీకు తెలిసిన మూలే గదా" అంది అవ్వ.

అత్తమ్మ కాగును మళ్ళీ మెల్లగా దాని చోటికి జరిపింది. చేతులు దులుపుకుంది. నా వైపు చూడకుండా, "వచ్చే వారం మాచర్లకి బండి కట్టిస్తా. ఏడవమాక" అంది. రెండడుగులు వేసి మళ్ళీ ఆగి, "మీ అమ్మకి అరిసెలు పంపుదామంటే ఉన్న బెల్లమంతా గోడకి పెట్టావు. ఓ పెళ్ళ గోక్కోని పో" అంది.

బండి ఎక్కే రోజున అవ్వ నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. అత్తమ్మ కాపరానికి వచ్చిన ఏడు, అవ్వ చర్చికి పోయిన పూట, బూరెలు చేసుకు తిందామని నూనె పెట్టి అదే గోడ తగలబెట్టిందట. అవ్వ తిరిగి వచ్చేసరికి మూల సున్నం ఇంకా తడిగా ఉందట. "కొత్తపిల్ల, బెదిరిపోయి ఉంది. ఏమని అడుగుతాం? పాతికేళ్ళయింది. నేనడగలా, ఆమె చెప్పలా" అంది.

ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ ఇంటికి సున్నం వేశాం. అవ్వ పోయాక కూడా, అత్తమ్మ పోయాక కూడా ఆ జానెడు మచ్చకు ఎవరమూ సున్నం తగలనివ్వలేదు. మా పిల్లలు ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టినప్పుడు అదీ పోయింది. ఇల్లు పోయినందుకు నేనేమీ బాధపడలేదు గానీ, ఆ మూల పోయినందుకు మాత్రం ఒక రోజంతా అన్నం సయించలేదు.

ఇప్పుడు మా వంటింట్లో గోడలకు నున్నటి పలకలున్నాయి, తడిగుడ్డ పెట్టి తుడిస్తే ఏ మరకైనా పోతుంది. నాకూ పళ్ళు లేవు, చూపూ అంతంతమాత్రమే. మొన్న మా కోడలు పుట్టింటికి ఫోను చేసుకుంటూ పొయ్యి మీద ఏదో మాడ్చింది. పొగ వరండా దాకా వచ్చింది. లోపల ఆ పిల్ల గబగబా కిటికీలు తీస్తోంది, గిన్నె కుళాయి కింద పెట్టి తోముతోంది, నేను విన్నానేమోనని మధ్యలో ఒకసారి ఆగింది కూడా. నేను కుర్చీలో సర్దుకుని కూర్చుని, కాస్త గట్టిగానే, ఒక కీర్తన అందుకున్నాను.