ఆ చుట్టల రుచి చెప్పింది నేను

పోయిన నెల ఊరి బయట కుంభారిలో మా బావగారి పెద్దకొడుకు గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాల దగ్గర అతను పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని తన నాయనమ్మ గొప్ప చెబుతున్నాడు. చుట్ట ఒక్క దమ్ము లాగితే చాలు, ఆకు మాగిందో లేదో, చుట్టినవాడి చెయ్యి ఎలాంటిదో చెప్పేసేదట, మా గల్లీ ఉన్న నీలం నగర్ మొత్తంలో అలాంటి నాలుక ఇంకొకటి లేదట. నేను పక్క బంతిలోనే ఉన్నాను. ఆ నాలుక మా అత్తమ్మది కాదు, నాది. ఆ సంగతి చెప్పాల్సిన మనిషి చెప్పాల్సిన రోజున చెప్పలేదు కనుక ఇన్నేళ్లకు నేను రాయాల్సి వస్తోంది. ఎవరికైనా ఇది చిన్న విషయమనిపిస్తే, అనిపించనివ్వండి.

ఎనభైల మొదట్లో నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగు పెట్టేనాటికి మగవాళ్లందరూ మరమగ్గాల మీద, ఆడవాళ్లందరం ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే పనిలో ఉండేవాళ్లం. మా అత్తమ్మకు మాత్రం బీడీ అంటే చులకన, ఆమెకు చుట్టే కావాలి. మావాళ్లు బతుకుతెరువు కోసం వదిలొచ్చిన పాత ఊరి నుంచి ఒక ముసలాయన ఏడాదికి రెండు మూడుసార్లు బస్సులో చుట్టల కట్టలు తెచ్చి మా అరుగు మీద దిగేవాడు. గల్లీలో పెద్దవాళ్లందరూ చేరేవారు. మా అత్తమ్మ ఒకటి తాగి బాగుందంటేనే కట్టలు విప్పడం ఆనవాయితీ.

నేను వచ్చిన రెండో ఏడు ఆమె కళ్లకు పొర కమ్మింది. ఆపరేషన్ అంటే భయం, చేయించుకోనంది. ఒకరోజు పొయ్యి దగ్గర చుట్ట ముట్టించుకోబోయి కొంగు కాల్చుకుంది, అప్పటి నుంచి ఆ పని నా మీద పడింది. చుట్ట బీడీ లాంటిది కాదు, నిప్పు చూపిస్తే అంటుకోదు, నోట్లో పెట్టుకుని నాలుగు దమ్ములు గట్టిగా లాగాలి. మొదటిరోజు కళ్ల వెంట నీళ్లు కారేదాకా దగ్గాను. అత్తమ్మ నవ్వింది. నాకు ఆ నవ్వు కూడా గుర్తుంది.

కానీ రోజూ చేసే పని ఊరకే పోతుందా? మెల్లమెల్లగా నాకు తెలియడం మొదలైంది. చెవి దగ్గర పెట్టి వేళ్లతో నొక్కితే మరీ చిటపటమనకూడదు, అలాగని మెత్తగా దిగిపోకూడదు. ముట్టించకముందే ఒకసారి గాలి లాగి చూడాలి, అప్పుడు ఆకు అసలు వాసన దొరుకుతుంది. నాలుక కొన చురుక్కుమంటే ఆకు ఇంకా మాగలేదని, పెదవికి తీపి తగిలితే బెల్లం నీళ్లు చల్లి ఏదో కంపు దాచారని అర్థం. ఒకపక్కే కాలిపోతుంటే చుట్టినవాడికి ఓపిక లేదన్నమాట. మంచి చుట్ట బూడిద తెల్లగా, వేలెడు పొడవు వచ్చేదాకా రాలకుండా నిలుస్తుంది. ఇవి నాకెవరూ చెప్పలేదు. అత్తమ్మకు వయసుతో పాటు నాలుక కూడా మొద్దుబారిందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. చుట్ట అందిస్తుంటే మెల్లగా, "ఎట్లున్నదే?" అనేది. నేను చెవిలో చెప్పేదాన్ని. అదే మాట ఆమె అరుగు మీద గట్టిగా చెప్పేది. నాకప్పుడు కోపం లేదు సరికదా, లోలోపల గర్వంగా కూడా ఉండేది.

ఆ ముసలాయన రావడం మానేశాక మా బావగారు ఎక్కడి నుంచో ఒక కొత్త వ్యాపారిని పట్టుకొచ్చి, సరుకుకు పూచీ నాది అని గల్లీ అంతా చాటాడు. అరుగు నిండా జనం. నేను పొయ్యి దగ్గర ముట్టించగానే తెలిసిపోయింది, పైన చుట్టింది మంచి ఆకే, లోపలంతా బీడీ తంబాకు ఊడ్చిన దుమ్ము, దాని మీద బెల్లం నీళ్లు. చుట్ట చేతికిస్తూ, "వద్దత్తమ్మా, లోపల చెత్త," అన్నాను. ఆమె తొందరపడింది. నోట్లో పెట్టుకోకుండానే, "ఖరాబున్నది, వద్దు," అనేసింది.

వ్యాపారి పకపకా నవ్వాడు. "అరే, ముసలమ్మ ఇంక నోట్లనే పెట్టలే! ముక్కుతోటి తాగిందా ఏంది?"

బావగారి ముఖం ఎర్రబడింది. ఎవరు చెప్పారని గద్దించాడు. గడపలో నిలబడి, "నేనే చెప్పిన. చింపి చూడుండ్రి," అన్నాను.

"ఓహో, మా ఇంట్ల కోడళ్లు గూడ చుట్టలు తాగుతున్నరా!" అన్నాడు. అరుగంతా నవ్వింది. నేను అత్తమ్మ వైపు చూశాను. మా కోడలే చూసి చెప్తది, ఆమె చెప్పింది నిజం అని ఒక్క మాట అంటే చాలు. ఆమె చూపులేని కళ్లను ఎటో తిప్పి, "నాకేం ఎరుక బిడ్డా, ముట్టియ్యమంటే తాగుతున్నదేమో," అంది.

ఒక్కరూ చుట్ట చింపి చూడలేదు. పంతానికి అందరూ కొన్నారు. వారం తిరగకముందే గల్లీవాళ్లంతా దగ్గుతూ కట్టలు తీసుకెళ్లి మోరీ కాలవలో పారేశారు, కానీ నువ్వు చెప్పిందే నిజమమ్మా అని మా గడప తొక్కినవాళ్లు లేరు. చుట్టల కోడలు అన్న పేరు మాత్రం మిగిలింది, నీళ్లకు వెళ్లినా, చుట్టిన బీడీలు కార్ఖానాలో ఇవ్వడానికి వెళ్లినా నా వెనకే వచ్చింది.

మర్నాటి నుంచి నేను చుట్ట ముట్టించలేదు. మా ఆయన బతిమాలాడు, బావగారు అరిచాడు, నేను వినలేదు. ఎవరో ఒకరు ముట్టించి ఇచ్చేవారు, లేకపోతే అత్తమ్మ నిప్పు లేని చుట్టనే నములుతూ కూర్చునేది. రెండేళ్లు అలాగే గడిచాయి. పోయే ముందు ఒక మధ్యాహ్నం, ఇంట్లో మేమిద్దరమే ఉండగా, ఎవరో తెచ్చిన చుట్ట ఒకటి నా వైపు చాపి, "ఎట్లున్నదే?" అంది. నేను తల ఎత్తకుండా బీడీలు చుట్టుకుంటూనే ఉన్నాను. ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంది.

తప్పు ఆమెదే అని ఇవాళ్టికీ అంటాను. అయితే ఆ గల్లీలో ఇప్పుడు చుట్ట తాగేవాళ్లే లేరు. అరుగులు కొట్టేసి ఆ జాగాలో బండ్లు నిలుపుకుంటున్నారు, కుర్రవాళ్లు గుట్కా ప్యాకెట్ చింపి నోట్లో పోసుకుని వెళ్లిపోతున్నారు, రుచి ఎలా ఉందని ఒకరినొకరు అడగరు. నాకు మాత్రం ఆకు వాసన చూస్తే చాలు, ఇప్పటికీ చెప్పగలను. నన్ను అడిగేవారే లేరు. నా జన్మలో ఆ మాట అడిగిన మనిషి ఒక్కతే, ఆమె చివరిసారి అడిగినప్పుడు నేను జవాబు చెప్పలేదు.