నెట్టు దగ్గర ఎత్తిన చెయ్యి: మానుకోట నుంచి భూపాలపల్లికి

వాలీబాల్ ఫైనల్‌కు రిఫరీగా రమ్మని భూపాలపల్లి పాస్టరు గారు ఫోన్ చేసినప్పుడు నేను కాస్త పొంగిపోయిన మాట నిజం. ఆడేవి రెండు చర్చి సంఘాల జట్లు. ఒకటి భూపాలపల్లి గని కార్మికుల కాలనీది, రెండోది మానుకోట దగ్గరి తండాది. మహబూబాబాద్‌ను మా వైపు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. "రెండింటికీ సంబంధం లేని మనిషి కావాలె, మీరైతే న్యాయంగ ఉంటరు" అన్నారాయన. నేను జనగామ పక్కన లింగాల ఘనపూర్ బడిలో ఆటల సారును. ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు పాఠాలు కూడా చెబుతాను. న్యాయం అనే మాట వింటే చాలు, నా ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు, గనుల్లోనూ పని ఆగింది. రైళ్లు నడిచిన రోజు నడుస్తున్నాయి. ఉదయం ఐదున్నరకు జనగామలో ప్యాసింజరు ఎక్కితే ఎనిమిదింబావుకు మానుకోటలో దింపింది. టికెట్టు పాతిక రూపాయల లోపే. అక్కడి నుంచి వేరే దారి లేక తండా జట్టు మాట్లాడుకున్న జీపులోనే ఎక్కాను. నర్సంపేట, మల్లంపల్లి, ములుగు, ములుగు ఘనపూర్ మీదుగా మామూలుగా మూడు గంటల ప్రయాణం. ఆ రోజు ఐదు గంటలు పట్టింది.

నా పక్కన కూర్చున్నది జట్టు కెప్టెన్ ఈర్యా. ఇరవై నాలుగేళ్లవాడు, మిర్చి తోటల్లో కూలికి పోతాడు. మా సంఘాల్లో ఒక ఆనవాయితీ ఉంది. కప్పు గెలిచిన సంఘమే ఆ ఏడు ప్రార్థన సభలు తమ ఊళ్లో జరపాలి, వచ్చినవాళ్లందరికీ తమ ఇళ్లలో అన్నం పెట్టాలి. తండాకు ఆ అవకాశం ఒక్కసారీ రాలేదు.

"ఈసారి గెలిస్తే అందరు మా తండకు వస్తరు సార్. మా యాడి ఇప్పటిసంది జొన్నలు ఎత్తిపెట్టింది" అన్నాడు ఈర్యా. యాడి అంటే వాళ్ల లంబాడీ భాషలో అమ్మ.

"ఇంతకుముందు ఎవ్వరు రాలేదా?"

"ప్రార్థనకు వస్తరు సార్. బువ్వ యాళ్లకు పనున్నదని లేస్తరు."

నాకు మొహం చెల్లలేదు. రెండేళ్ల కిందట అలా లేచి వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. మాట మార్చడానికి జట్టుకు చిన్న ప్రసంగం మొదలుపెట్టాను. బంతి బ్లాక్ చేసేవాడి వేలికి తాకీ తాకనట్టు తాకి బయటికి పోతే పాయింటు అవతలి జట్టుది, కానీ తాకిన సంగతి వాడికే తెలుస్తుంది. రిఫరీ చూడకపోయినా వాడే చెయ్యెత్తి ఒప్పుకోవాలి, విశ్వాసి ఆటంటే అదే, దేవుడు చూస్తాడు అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. నాకు మళ్లీ ఊపిరాడింది.

పదకొండున్నరకు మల్లంపల్లి దగ్గర జీపు ఆగింది. రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గుండిగలు. డ్రైవర్ యాకూబ్ నవ్వాడు. "రోడ్డు మీదనే వంటావార్పు వెట్టిన్రు సార్. తినకుంట ఇడువరు." విస్తళ్లలో వేడి అన్నం, పప్పుచారు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో అడిగేవాడు లేడు. ఈర్యా చుట్టూ చూసి, "అందరు ఒక్కతాన తింటున్రు జూడు సార్" అన్నాడు. వాడి గొంతులోని ఆశ నాకు గుచ్చుకుంది.

మూడు గంటలకు కాలనీ గ్రౌండులో ఆట మొదలైంది. చెరొక సెట్టు గెలిచారు. మూడో సెట్టులో తండా పద్నాలుగు, కాలనీ పదమూడు. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు తండాదే. కాలనీవాడు కొట్టిన స్మాష్ ఈర్యా చేతుల మీదుగా బయట పడింది. గీత దగ్గర ఉన్నతను అవుట్ అని జెండా ఊపాడు. కానీ ఈర్యా చిటికెన వేలు వెనక్కి వంగడం నేను స్పష్టంగా చూశాను. అయినా విజిల్ ఊది తండా వైపు చెయ్యి చూపించాను.

తండావాళ్లు ఎగిరి గంతేశారు. ఈర్యా మాత్రం కదల్లేదు. నెట్టు దగ్గరే నిలబడి కుడిచెయ్యి పైకెత్తాడు.

"సార్, నాకు తాకింది."

పాయింటు మార్చాను. పద్నాలుగు, పద్నాలుగు. తర్వాతి రెండు పాయింట్లూ కాలనీకే పోయాయి. కప్పు, సభలు రెండూ భూపాలపల్లిలోనే ఉండిపోయాయి.

తిరుగు దారిలో ఐదున్నరకు ములుగు ఘనపూర్‌లో టీ తాగడానికి ఆగాం. ఈర్యాను పక్కకు పిలిచాను.

"నేను చూసిన ఈర్యా. నీ వేలు వంగింది."

"ఎరుకే సార్. మీరు నా వేలును చూసేటప్పుడు నేను మిమ్మల్నే చూస్తున్న."

"మరి నేను కావాలనే తప్పు చెప్పిన్నని అందరి ముంగట ఎందుకనలే?"

"ఏమంట సార్? మా మీద ప్రేమతోని, పావురంతోని చేసిన్రు." గ్లాసు కింద పెట్టాడు. "కని గట్ల గెలిస్తే, వచ్చినోళ్లకు మా యాడి ఏ మొఖంతోని వడ్డిస్తది?"

ఇది రాస్తున్నప్పుడూ సిగ్గుగానే ఉంది. జాలి కూడా మనిషి చేత అబద్ధమాడిస్తుందని నాకు అంతవరకూ తెలియదు. ఆ రోజు తినకుండా లేచివచ్చిన అన్నానికి, కాలనీ పిల్లల పాయింటుతో పరిహారం చెల్లించబోయాను. నా బాకీ నేనే తీర్చుకోవాలని తట్టలేదు. మర్నాడు ఇద్దరు పాస్టర్లకూ ఫోన్ చేసి జరిగింది చెప్పేశాను. భూపాలపల్లి పాస్టరు గారు వచ్చే ఏడు వేరే రిఫరీని చూసుకుంటామన్నారు. న్యాయమే. తండాకు వెళ్లడానికి సభలే జరగాలని లేదని కూడా పోయిన ఆదివారం వెళ్లాకే తెలిసింది.

మీరూ వెళ్లాలనుకుంటే, మానుకోట స్టేషను బయట తండా మీదుగా గూడూరు వైపు పోయే షేర్ ఆటోలు సమ్మె రోజుల్లోనూ దొరుకుతున్నాయి, మనిషికి పదిహేను రూపాయలు. ఆరాధన పన్నెండున్నరకు అయిపోతుంది. తిరుగు రైలు మూడు దాటాక ఉండేదే చూసుకోండి. పొద్దున బయలుదేరేటప్పుడు ఇంట్లో ఏమీ తినకండి.