బస్సుకి ఎదురొచ్చిన రోజు

పెద్ద ఫుట్‌బాల్ లీగ్‌లో మా విశాఖపట్నానికీ ఒక టీమ్ ఇచ్చారంటే జాలరిపేటలో ఎవరూ నమ్మలేదు. నమ్మేలోపే కేరళ నుంచీ, మణిపూర్ నుంచీ కుర్రాళ్లు దిగిపోయారు. గోల్‌కీపర్ మాత్రం మా పేటవాడే. వాడే నన్ను టీమ్ వంటింట్లో పెట్టించాడు. అప్పటిదాకా గంపెత్తుకుని వీధివీధీ తిరిగి చేపలమ్మినదాన్ని. అరిచి అరిచి గొంతు కొబ్బరిపీచైపోయింది.

అందరికీ వండి పెట్టేదాన్నే గానీ, మ్యాచ్‌కి బస్సు కదిలే వేళకి వంటింటి వెనక్కి పోయేదాన్ని. మా ఆయన్ని సముద్రం తీసుకుపోయాక, పడవలు వేటకి కదిలేటప్పుడు ఎదురు పోకూడదని నేర్చుకున్నాను. బస్సూ పడవలాంటిదే కదా. డ్రైవర్ది మల్కాపురం, మా ఆయనకి స్నేహితుడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "వదినా, నోపలికెల్లిపో" అనేవాడు, మెల్లిగానే.

మొదటేడు ఓడాం. స్టేడియంలో మనుషులకన్నా కాకులెక్కువ. రెండో ఏడూ అంతే. ఆఖరి మ్యాచ్ కూడా ఓడితే టీమ్‌ని వేరే ఊరికి తీసుకుపోతానని ఓనరు చెప్పేశాడు. అంటే నాకు మళ్లీ గంపే.

ఆ రోజూ వెనక్కి పోయి నిలబడ్డాను. గోల్‌కీపర్ బస్సు దిగి వెతుక్కుంటూ వచ్చాడు.

"అత్తా, ఏటీ దొంగాట? బయటికి రా."

"ఎల్లరా, ఏళైపోతంది. నాను ఎదురొస్తే ఏటైనా అయిపోద్ది."

"ఇంకేటవుద్ది? రెండేళ్లుగా నువ్వు దాక్కుంతనే ఉన్నావు, మేం ఓడిపోతనే ఉన్నాం!"

డ్రైవర్ కేకేశాడు. "ఒరే, మంచిగా ఎల్తుంటే ఇప్పుడెందుకురా ఈ గొడవ?"

"మావా, నీ నిమ్మకాయలేటి సేసాయి? రసం కారడం తప్ప!"

బస్సులో నవ్వులు. తెలుగు రాని కుర్రాళ్లు కూడా నవ్వారు, ఏం అర్థమైందో. చేతులు చీరకి తుడుచుకున్నాను. బయటికొచ్చాక పక్కగా నిలబడలేదు, బస్సు ముందుకే పోయి మొహమెత్తి నిలబడ్డాను. "అప్పన్నా, నువ్వే దిక్కు" అని డ్రైవర్ సింహాచలం వైపు దండం పెట్టి బండి తీశాడు.

వెనకే పేట ఆడవాళ్లతో నేనూ స్టేడియానికి పోయాను. ముందు మాకే గోల్ పడింది. ముందు వరసలో కూర్చున్న డ్రైవర్ తల తిప్పి నా వైపు చూశాడు. నేను చూపు దించలేదు. లేచి నిలబడి, వీధి చివరి మేడకి వినబడేలా చేపలమ్మిన గొంతుతో అరిచాను. "కొట్టండ్రా! కొట్టండ్రా!" నా చుట్టూ ఉన్న ఆడవాళ్లందుకున్నారు. ఒక గోల్ కొట్టారు. తర్వాత ఇంకోటి. చివర్లో బంతి వలలోకి దూసుకొస్తుంటే మా వాడు గాల్లోకి ఎగిరి పట్టేశాడు. గెలిచాం. టీమ్ ఇక్కడే ఉండిపోయింది.

గెలిపించింది కుర్రాళ్ల కాళ్లు, నా ఎదురు కాదు. మరి నేను దాక్కున్నన్నాళ్లూ ఓడింది మాత్రం ఎవరి ఎదురు వల్ల? ఆ మాట డ్రైవర్‌తోనూ అన్నాను.

మరుసటేడు మొదటి మ్యాచ్ రోజు పులుసు పొయ్యి మీదుంది, బయటికి రాలేకపోయాను. బస్సు హారన్ ఆగకుండా మోగుతోంది. కిటికీలోంచి తొంగిచూస్తే డ్రైవర్ ఇంజనాపేసి కూర్చున్నాడు.

"వదినా! పులుసు తర్వాత సూసుకుందువు గానీ, ఎదురు రా! బండి కదలాలా వద్దా?"

గరిటె చేతిలో ఉండగానే పోయి నిలబడ్డాను.