రాములు కంటి లెన్స్

లెన్స్ పగలనివ్వని పిల్ల అని మా కంటి ఆసుపత్రి ల్యాబులో సంధ్యకు పేరు. కంటి లెన్స్ మహా మొండిది. మైక్రోస్కోపు కింద చూడాలంటే దాన్ని స్పిరిట్‌లో ఉంచి నీరంతా తీసేసి, మైనంలో పొదిగి, పల్చటి పొరలుగా కోయాలి. స్పిరిట్‌లో కాస్త ఎక్కువసేపు ఉంచామా, రాయైపోతుంది. బ్లేడు తగలగానే ముక్కలే. నావి ఎన్ని పగిలాయో అడక్కండి. సంధ్యది ఒక్కటీ పగల్లేదు, ఆ రోజు దాకా.

వాళ్ల నాన్న రాములు ఖాజాగూడలో ఒక ఐటీ ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. గుండె ఆగి చనిపోయాడు. కళ్లు దానం ఇద్దామని పట్టుబట్టింది సంధ్యే. తల్లి యాదమ్మ ససేమిరా అంది. కళ్లు లేకుండా పంపితే ఆయనకు పైన దారెలా కనబడుతుందని ఏడ్చింది.

"ఇంకొకలకు పెడ్తరమ్మా. నాయిన సూస్తనే ఉంటడు" అని సంధ్య ఒప్పించింది.

తీరా చూస్తే కంటి ముందుండే పారదర్శక పొరలు, కార్నియాలు, ఎవరికీ పనికిరాలేదు. ఒకప్పుడు వెల్డింగు పనిలో పడ్డ నిప్పురవ్వల మచ్చలు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేకపోయింది. కళ్లు పరిశోధనకని మా దగ్గరికే వచ్చాయి. సీసా మీద నంబరే తప్ప పేరుండదు. కానీ ఒక కంట్లో శుక్లం ఆపరేషనులో పెట్టిన ప్లాస్టిక్ లెన్స్ ఉంది. ఆ ఆపరేషనుకు తండ్రిని చెయ్యి పట్టి తీసుకొచ్చింది తనే. చూడగానే గుర్తుపట్టింది. ఇక కోయడానికి మిగిలింది రెండో కంటి సొంత లెన్స్ ఒక్కటే.

నేను చేస్తాలే అన్నాను. వినలేదు. ఇదన్నా పనికొస్తే అమ్మకు చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుందంది. అంత నేర్పున్న పిల్ల, వేళ దాటుతున్నా స్పిరిట్‌లోంచి తియ్యదే! మైనంలో పెడితే ఇక అది కోసే వస్తువు. సీసాలో ఉన్నంతసేపూ నాన్న కన్నే. మూత మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. పిలిస్తే "జర ఆగక్కా" అంది.

మర్నాడు బ్లేడు తగలగానే లెన్స్ పొడిపొడిగా రాలింది. గాజు స్లైడు మీదికి ఎత్తడానికి ఒక్క పొరైనా దక్కలేదు. సంధ్య ఏడవలేదు. రాలిన పొడిని బ్రష్షుతో ఒకచోటికి చేరుస్తూ ఉండిపోయింది. నాకే కన్నీళ్లు ఆగలేదు.

సాయంత్రం నా బండి మీద సంధ్యను బోరబండలో వాళ్లింటి దగ్గర దింపాను. యాదమ్మ గుమ్మంలోనే, రోజూ అడిగే మాట అడిగింది.

"ఎవలకు పెట్టిండ్రు బిడ్డా? దూరంకెల్లి ఒక్కసారి సూసొస్త."

"ఎవలకు పెట్టలేదమ్మా. ఆఖరుకు నా చేతులల్లనే పలిగిపోయింది."

యాదమ్మ అరవలేదు. లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి కూతురి చేతికిచ్చింది. తాగేదాకా ఆగి, మెల్లగా అంది.

"మరి ఆయనకన్న ఉంచకపోతిమి గద బిడ్డా."