కొట్టు మూసిన రోజులు

తెల్లవారి అయిదింటికల్లా క్యారేజీలో అన్నం, పప్పు, ఎండుచేప వేపుడు సర్ది భర్త చేతికివ్వడం మరియంకి పదహారేళ్ల అలవాటు. సైఫుల్లా ఆ క్యారేజీ, గుడ్డల మూట తీసుకుని బందరు నుంచి మొదటి బస్సులో దివిసీమ వైపు వెళ్లేవాడు. కోడూరు చుట్టుపక్కల ఊళ్లలో చీరలు, లుంగీలు, చొక్కా గుడ్డలు అరువిచ్చి, పాత బాకీలు వసూలు చేసుకుని పొద్దుగుంకాక వచ్చేవాడు. ఇప్పుడూ ఆమెకి నాలుగింటికే మెలకువ వస్తోంది. క్యారేజీ అలమార పైన బోర్లించి ఉంది. ఆమె గుడ్డల కొట్టు తాళం తీసుకుని వీధి చివరికి నడుస్తుంది. పలకల తలుపు ఒక్కొక్క పలకే గాడిలోంచి తీసి గోడకి చేరవేస్తుంది. ఏడు పలకలు. ఏడోది బరువు, దానికి రెండు చేతులూ కావాలి.

సైఫుల్లా నవంబరు ఉప్పెనలో కోడూరు దగ్గర పోయాడు. మూడోనాడు కాలవ గట్టు మీద దొరికితే, వేసుకున్న చొక్కాని బట్టి ఆనవాలు పట్టారు. తర్వాత నాలుగు నెలల పది రోజులు మరియం, భర్త పోయిన ఆడవాళ్లు పాటించే ఇద్దత్‌లో కూర్చుంది. గడప దాటలేదు. కొట్టూ తెరవలేదు. తెరిచాక మొదట వచ్చింది కొనేవాళ్లు కాదు, గుడివాడ నుంచి ఉత్తరం.

సైఫుల్లాకి గుడ్డలు అరువిచ్చే టోకు వర్తకుడు పిచ్చేశ్వరరావు. ఉత్తరం ఆయన గుమస్తా గంగాధరరావు రాశాడు. ఖాతా పుస్తకాలు తెచ్చి లెక్క చూపించాలి, సరుకు ఏడాదికి నాలుగుసార్లన్నా తిరిగి ఉండాలి, అరువిచ్చినది నూట ఇరవై రోజుల్లోపు చేతికి రావాలి. అలా ఉంటేనే కొత్త సరుకు. లేకపోతే కొట్లో ఉన్న గుడ్డలు పాత బాకీ కింద వెనక్కి తెప్పించుకుంటామన్నారు.

మరియం చదివింది నాలుగో తరగతి. అయినా ఆ తిరగడమంటే ఏమిటో ఆమెకి తెలుసు. పెళ్లైన కొత్తలో అడిగితే సైఫుల్లా వంటింట్లో బియ్యం డబ్బా చూపించాడు. డబ్బా నింపుతాం, ఖాళీ అవుతుంది, మళ్లీ నింపుతాం, అదే ఒక తిరుగుడు అన్నాడు. ఎన్నిసార్లు నింపామో అదే కొట్టు ఆయువు అని కూడా అన్నాడు.

గురువారం ఆమె రెండు పుస్తకాలు చీర చెంగులో చుట్టుకుని గుడివాడ బస్సెక్కింది. సగం దారి దాటేదాకా వేళ్ల మీద కూడికలు చేస్తూనే ఉంది. సీటు పక్కన కూర్చున్నామె పెళ్లి గుడ్డల కోసమా అని అడిగితే కాదని మాత్రం చెప్పింది.

పిచ్చేశ్వరరావు కొట్లో గట్టుపై పరిచిన పరుపు మీద గంగాధరరావు కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి కూర్చోమని బల్ల చూపించాడు. పుస్తకాలు తీసుకుని గంటసేపు లెక్కలు వేశాడు. మధ్యలో మూటలు మోసే పోతయ్య వచ్చి, గుడ్డలు వెనక్కి తేవడానికి రేపు బందరు లారీ ఎన్నింటికని అడిగాడు. గంగాధరరావు ఆమె వంక చూడకుండా, ఇంకా తేల్లేదు, తయారుగా ఉండమన్నాడు. మరియం బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

ఆఖరికి ఆయన కాగితం ముందుకు తోశాడు. ఏడాది మొత్తంలో అమ్మిన గుడ్డల కొన్న ధర పద్దెనిమిది వేలు. కొట్లో ఎప్పుడూ ఉండే సగటు సరుకు ఆరు వేలు. అంటే మూడుసార్లు. అరువు మీద అమ్మింది పన్నెండు వేలు, సగటున బయట ఉన్న బాకీ అయిదు వేలు. అది రెండున్నర సార్లు కూడా తిరగలేదు. ఏడాదిని దానితో భాగిస్తే రూపాయి చేతికి రావడానికి నూట యాభై రెండు రోజులు.

“రెండూ తప్పాయమ్మా. షావుకారు గారి షరతు నాలుగు, మీది మూడు. గుడ్డలు అమ్మడానికి పెట్టారా, చూసుకోవడానికా?”

అవతల గజాలు కొలుస్తున్న మనిషి నవ్వాడు. మరియం ముఖం వేడెక్కింది. కాగితం మీది అంకెలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకుంది. కూడికలు సరే. భాగహారాలూ సరే. బస్సులో తను చేసుకున్న లెక్కా ఇదే. అయినా ఎక్కడో తేడా కొడుతోంది. మూడు వందల అరవై అయిదు అన్న చోట ఆమె వేలు ఆగింది.

“పంతులు గారూ, మీ ఇంట్లో బియ్యం డబ్బా ఉందాండీ?”

“ఉంది. ఎన్నిసార్లు నింపుతామో నన్నడక్కండి, అది మా ఆవిడ ఖాతా.”

“మా ఇంట్లో నెలకి రెండుసార్లు నింపేదాన్నండీ. ఒక ఏడు మా అమ్మకి జబ్బు చేస్తే గూడూరు వెళ్లి మూడు నెలలున్నాను. ఆయన రోజూ హోటల్లో తిన్నాడు. డబ్బా నింపింది నింపినట్టే ఉంది. ఆ మూడు నెలలూ కలిపి లెక్కేస్తే మేం బియ్యం తక్కువ తినే మనుషులమని తేలుతుంది. నిజమేనాండీ?”

గంగాధరరావు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. మరియం అమ్మకాల పుస్తకం తిప్పి ఆఖరి పద్దు చూపించింది. నవంబరు పందొమ్మిది. ఆ తర్వాత కాగితాలన్నీ తెల్లగా ఉన్నాయి.

“కొట్టు మూసి ఉందండీ. నేను ఇద్దత్‌లో ఉన్నాను. మూసిన కొట్లో సరుకు ఎలా తిరుగుతుంది?”

గుమస్తా ఆ తేదీ కాగితం మీద రాసుకున్నాడు. ఖాతా ఏడాది మొదలైన ఏప్రిల్ ఒకటి నుంచి అప్పటిదాకా నెలలు వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టాడు. రెండు వందల ముప్పై మూడు రోజులు. వాటిలో మూడుసార్లు అంటే డెబ్బై ఎనిమిది రోజులకి ఒకసారి. ఏడాదిలో డెబ్బై ఎనిమిదులు నాలుగు పోను ఇంకా యాభై మూడు రోజులు మిగిలాయి. బాకీ లెక్కా అలాగే కొట్టేసి మళ్లీ వేశాడు. నూట యాభై రెండు పోయి తొంభై ఏడు వచ్చింది. తన చేత్తో వేసిన మొదటి అంకెల మీద ఆయన నిలువుగా గీత గీశాడు. అవతల గజాల మనిషి నవ్వు ఆపేసి చాలాసేపైంది.

లోపలి గదిలోంచి పిచ్చేశ్వరరావు వచ్చి కాగితం చదివాడు. మాట తక్కువ మనిషి. సరుకు చీటీ తీసి ముందు పెట్టుకున్నాడు గాని సంతకం పెట్టలేదు. కొత్త సంవత్సరం పుస్తకంలోకి బతికున్న బాకీలే వెళ్లాలని, ఉప్పెనలో పోయినవాళ్ల పద్దులు తన ఎదుటే కొట్టేయమని చెప్పాడు.

గంగాధరరావు కలం అందించాడు. మరియం కోడూరు పేజీలు తెరిచింది. ఎల్లమ్మ, రెండు చీరలు. బాబూరావు, లుంగీ, తువ్వాలు. కొందరి ఇళ్లకి ఆమె కూడా వెళ్లింది, అన్నం తింది. ఒక్కొక్క పేరు మీద గీత గీసింది. ముప్పై పేర్లు. రెండు వేల ఏడు వందల రూపాయలు. కలం పక్కన పెట్టి పుస్తకం మూయబోయింది.

“ఒకటి మిగిలిపోయిందమ్మా,” అన్నాడు గంగాధరరావు.

అది ఆమెకి తెలుసు. బాకీల పుస్తకం చివర, ఇంటి ఖాతాకి విడిగా ఉంచిన పేజీలో ఆఖరి పద్దు. సైఫుల్లా కొట్లో ఇంటికి తీసుకున్న గుడ్డ కూడా ఊరికే తీసుకునేవాడు కాదు. అందరిలాగే తన పేరూ రాసుకుని, చేతిలో డబ్బు ఆడినప్పుడు గల్లాపెట్టెలో వేసి కొట్టేసుకునేవాడు. అక్కడ ఇలా ఉంది: సైఫుల్లా, సొంతానికి, చొక్కా గుడ్డ రెండున్నర గజాలు, పదహారు రూపాయలు. నవంబరు ఏడు. కుట్టించుకున్నాక మొదటిసారి ఉప్పెన వచ్చిన ఆ శనివారమే వేసుకున్నాడు.

“ఇది ఉంటుందండీ,” అంది మరియం.

“మనిషి లేడు కదమ్మా.”

“కట్టేదాన్ని నేనున్నాను.”

“అయితే కట్టేయండి, అప్పుడైనా కొట్టేద్దాం.”

ఆమె చెంగు ముడిలో ముప్పై రూపాయలున్నాయి. ముడి మీద చెయ్యి వేసుకుంది. విప్పలేదు. ఎదురుగా సంతకం లేని చీటీ ఉంది. బయట అరుగు మీద పోతయ్య బీడీ కాలుస్తున్నాడు.

“ఎప్పుడు కడతానో చెప్పలేనండీ.”

గంగాధరరావు షావుకారు వంక చూశాడు. గడువు లేని బాకీ పుస్తకంలో పెట్టుకుంటే సగటు పాడవుతుందని గొణిగాడు. పిచ్చేశ్వరరావు పుస్తకం దగ్గరికి లాక్కుని ఆ పద్దు చదివాడు. మళ్లీ చదివాడు.

“పదహారు కలిపితే ఎన్ని రోజులు మారతాయయ్యా?”

“మారవండీ. పూట కూడా మారదు.”

పిచ్చేశ్వరరావు చీటీ మీద సంతకం పెట్టి, పోతయ్యని పిలిచి, రేపటి లారీ బందరుకి ఖాళీగా వెళ్లక్కర్లేదని చెప్పాడు.

మర్నాడు కొత్త మూటలు దిగాయి. మరియం లుంగీలు కింది అరలో, చీరలు పై అరలో సర్దింది. కొత్త పుస్తకం తెరిచి బతికున్న బాకీలు ఒక్కొక్కటే ఎక్కించింది. సైఫుల్లా పేరు, గుడ్డ కొలత, పదహారు రూపాయలు అన్నిటికన్నా ముందు రాసింది. సాయంత్రానికి గల్లాపెట్టెలో నలభై రెండు రూపాయలు చేరాయి. లెక్క చూసుకుని ఆ డబ్బు గుడ్డ సంచిలో కట్టింది. మొదటి పేరు కొట్టేయకుండానే పుస్తకం మూసి, ఏడో పలక రెండు చేతులతో ఎత్తింది.