అవ్వ పని అయిపోయింది

బతికున్న మనిషిని ఒక్క వేలితో చంపేసి, అక్క నిశ్చితార్థాన్ని నడిరోడ్డు మీద ఆపేసిన ఘనత మా ఇంట్లో నాకొక్కదానికే దక్కింది. ఎలాగో చెప్తాను. నవ్వండి, పర్వాలేదు, మా చుట్టాలంతా ఎప్పుడో నవ్వేశారు.

మా ఆఫీసులో పనులన్నీ ఒక బోర్డు యాప్‌లో నడుస్తాయి. ఒక్కో పనికి ఒక్కో కార్డు. పని ముందుకు సాగేకొద్దీ కార్డును వేలితో పక్క వరుసలోకి జరపాలి. ఎవరు జరిపినా అందరి ఫోన్లూ టింగుమంటాయి. అంతే. కానీ ఏం యాప్ అండీ అది! ఉప్పు తెమ్మంటే నలుగురు నాలుగు ప్యాకెట్లు మోసుకొచ్చే మా ఇల్లు, నేను అందరి ఫోన్లలో అది ఎక్కించాక పట్టాలెక్కిన రైలులా సాగింది. వరుసలకు మా భాషలోనే పేర్లు పెట్టాను: చెయ్యాలె, నడుస్తాంది, అయిపోయింది. కార్డులకూ అంతే: పూల పని, వంట పని, అవ్వ పని.

అవ్వ పని అంటే రావల్కోల్ నుంచి మా నాయనమ్మను శామీర్‌పేటలో ఫంక్షన్ హాలుకు తేవడం. అవ్వ ఆ ముందు వారమే జ్వరంతో సెలైన్ ఎక్కించుకుని లేచింది. అందుకే నిశ్చితార్థం రోజు పొద్దున్నే నేనే కారులో తెచ్చి, హాల్లో ఏసీ గదిలో పడుకోబెట్టి, కార్డును గర్వంగా మూడో వరుసలోకి జరిపాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఫోన్లు చేసి సతాయించకండి, బోర్డు చూస్కోండి" అని అందరికీ ముందే చెప్పాను. అయినా సూరారం నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. ఈ సంబంధానికి పెద్దరికం వహించింది తనే.

"పిల్లా, బోర్డుల చూసిన. అవ్వ పని అయిపోయిందా?"

గొంతు వణుకుతోంది. సిగ్నల్ సరిగ్గా లేదనుకున్నాను.

"అయిపోయిందంటే అయిపోయినట్టే అత్తా. మళ్ల అడుగుడేంది?"

"ఎప్పుడే?"

"పొద్దుగాల. నేనే దగ్గరుండి చూసుకున్న."

"ఏమన్న తిప్పల పడ్డదా?"

"ఏం లేదు. కారుల జరసేపు గురక వెట్టింది, గంతే."

"ఇప్పుడు యాడున్నది?"

"ఏసీల పండవెట్టిన."

"అప్పుడే ఏసీ గూడ తెచ్చిన్రా?"

"తెచ్చుడేంది, హాలోళ్లదే."

అత్త అడిగింది శవాన్ని ఉంచే చల్లటి పెట్టె గురించని నాకేం తెలుసు?

"మరి దండలు?"

"రెండు పెద్దయి చెప్పిన. గా పూలోడే వస్తలేడు, పరేషాన్ చేస్తుండు. ఇగ ఫోన్ పెట్టు అత్తా."

కాసేపటికి అక్క పరుగెత్తుకొచ్చింది. ఒక కంటికే కాటుక ఉంది.

"ఏం జేసినవే నువ్వు?"

"నేనేం జేసిన?"

"అవ్వ సచ్చిపోయిందని అత్త పెళ్లికొడుకోళ్లకు ఫోన్ జేసిందంట. వాళ్లు మేడ్చల్ కాడ బండ్లు ఆపుకొని, ఎనకకు పోదామంటున్నరంట."

ఇంట్లో చావంటే నిశ్చితార్థం ఏడాది వాయిదా. అక్క ఎన్నో ఏళ్లు రెండిళ్లనూ బతిమాలి ఒప్పించుకున్న ప్రేమ ఇది. ఆ ఒంటి కాటుక చూసి నా కోపమంతా చెప్పుల్లోకి దిగిపోయింది.

ఇంతలో అత్త దిగింది. జుట్టు విరబోసుకుని, ఏడుస్తూ, ఏసీ గది తలుపు తోసింది. లోపల అవ్వ కాళ్లు చాపుకుని రెండో ప్లేటు ఉప్మా తింటోంది.

"ఎందుకే ఏడుస్తున్నవ్, ఎవరు పోయిన్రు?"

"నువ్వే అవ్వా."

"ఎప్పుడు?"

"పొద్దుగాల."

అవ్వ స్పూను పక్కన పెట్టింది.

"నాకైతే ఎవ్వలు జెప్పలే."

నేను తల దించుకుని కార్డూ వరుసా అంతా వివరించాను. తిడుతుందనుకున్నాను. "ఫోన్ ఇటియ్యి" అని చెయ్యి చాపింది. పెళ్లికొడుకు తల్లికి వీడియో కాల్ కలిపాను. అవ్వ ఉప్మా ప్లేటు కెమెరాకు ఎదురుగా ఎత్తి పట్టింది.

"సూడు బిడ్డా, మంచిగ సూడు. సచ్చినోళ్లు ఉప్మా తింటరా? జల్దీ రాండ్రి, మటన్ సల్లారుతాంది."

మేడ్చల్‌లో బండ్లు కదిలాయి. అక్క రెండో కంటికీ కాటుక పెట్టుకుంది. అవ్వకు ఆ రోజు నేను పెద్ద అభిమానినైపోయాను. మా ఆఫీసు టీములో ఇంత నింపాదిగా పని నడిపించే మనిషి ఒక్కరూ లేరు.

భోజనాలయ్యాక నన్ను పిలిచింది.

"నన్నేడ పెట్టినవో సూపియ్యి."

చూపించాను.

"గీ నడుమ వరుస ఏంది?"

"నడుస్తాంది."

"నన్ను గా వరుసలనే పెట్టు. మోకాళ్లు నొస్తున్నయి గని, నడుస్తనే ఉన్న గదా."

కాబట్టి అవ్వ తిన్న ఉప్మా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఊపిరి పీల్చే ఏ మనిషినీ ఈ జన్మలో మూడో వరుసలోకి జరపను. అవ్వ కార్డు నడుమ వరుసలోనే భద్రంగా ఉంది. ప్రతి ఆదివారం ఆమే రావల్కోల్ నుంచి ఫోన్ చేసి కనుక్కుంటుంది.

"ఇంక నడుస్తున్ననానే?"

"నడుస్తున్నవ్ అవ్వా."

"అయితే ఫోన్ పైలం. నీ బొటనేలు మంచిది గాదు."